పార్కింగ్‌లో పడని గేరు

"అవ్వా, జర కిందికి దిగుతవా?"

"దిగ. నేను దిగితే బండి పోతది."

వెంకటవ్వ బండి ముందు సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో పప్పుగుత్తి ఉంది. అది పప్పు మెదపడానికి కాదు, ఎవరైనా తలుపు తెరిస్తే నెత్తి మీద వేయడానికి. సూరత్ గోడాదరాలో అల్లుడు సదానందం నడిపే మెస్ ముందు, ఆ నల్లటి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో, ఆమె పగలంతా అలాగే కాపలా కాస్తోంది. రాత్రి కాపలా అల్లుడిది.

డిటెక్టివ్ భాగీరథి డ్రైవర్ వైపు నిలబడి లోపలికి తొంగి చూసింది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆఫీసులో పనిచేసేది. గుద్దుకున్న బండ్లను చూసి, వాటి యజమానులు చెప్పే అబద్ధాలు విని, రెండింటికీ పొంతన ఎక్కడ తప్పిందో పట్టుకోవడం అక్కడే నేర్చుకుంది. తర్వాత సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. సూరత్‌లోని తెలుగువాళ్లు ఆమె దగ్గరికి పెళ్లికొడుకుల గుట్టు తెలుసుకోవడానికి వస్తారు. బండి గుట్టు తెలుసుకోవడానికి వచ్చినవాడు సదానందం ఒక్కడే.

"మొదటి నుంచి చెప్పు తమ్మీ. బండి ఎవరిది?"

"బుచ్చిరాములు సేటుది అక్కా. ఆయన నర్మద పరిక్రమకు పోయిండు గదా. పోతా పోతా బండి అమ్మేయుమని మేనల్లునికి చెప్పిండట. గా ఉమాకాంత్ నాకు అమ్మిండు. వానల్ల ఖాడీ వాగు పొంగిందంటే నా పార్సిళ్లు మోకాళ్ల నీళ్లల్ల పోవాలె. అందుకే గిసొంటి బండి తీస్కున్న."

బుచ్చిరాములు సంగతి భాగీరథికీ తెలుసు. మగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ల సంఘానికి ఏళ్ల తరబడి ఆయనే అధ్యక్షుడు. ఈ ఆదివారం మళ్లీ ఎన్నిక. ఉన్నట్టుండి ఆయనకు వైరాగ్యం పుట్టిందని, ఫోను కూడా పారేసి నర్మద చుట్టూ కాలినడకన తిరగడానికి పోయాడని మేనల్లుడు ఉమాకాంత్ అందరికీ చెప్పాడు. కొన్ని నెలల దాకా రాడట. అందువల్ల ఎన్నికలో ఇప్పుడు మిగిలిన అభ్యర్థి ఉమాకాంత్ ఒక్కడే.

"సరే. బండికి రోగమేంది?"

"ఒకటి గాదక్కా, రెండు. గేర్ లివర్ 'పి'ల పడది. పార్కింగ్‌ల పడకుంటే తాళంచెవి బయటికి రాదు. వచ్చిన కాన్నించి చెవి బండికే అతుక్కొని ఉన్నది. ఎవడన్నా వచ్చి కూసుంటే చాలు, తోలుకపోవచ్చు. అందుకే మా అత్తను కూసోబెట్టిన. రెండోది, తొక్కుతే కూత పెడుతది."

"మిస్త్రీలకు చూపిచ్చినవా?"

"ఇద్దరికి చూపిచ్చిన. ఒకడు గేర్‌బాక్స్ దించాలన్నడు. ఇంకోడు టర్బో దించాలన్నడు. మా ప్రమీల దయ్యాన్ని దించాలంటది."

వంటింటి కిటికీలోంచి అతని భార్య ప్రమీల గొంతు వచ్చింది. "దయ్యం కాకుంటే ఏంది మరి? ఫ్లైఓవర్ ఎక్కంగనే ఆడమనిషి ఏడ్చినట్టు ఏడుస్తది. నేనైతే అండ్ల కూసోను."

భాగీరథి వెంకటవ్వ వైపు తిరిగింది. "అవ్వా, నువ్వు కాపలా ఉన్నప్పుడు ఎవరన్నా వచ్చిండ్రా?"

"ఒకడొచ్చిండు బిడ్డా. హెల్మెట్ తియ్యలే. రెండుసార్లు వచ్చిండు. మొదటిసారి నన్ను చూసి పోయిండు. రెండోసారి నేను కునుకు తీస్తున్ననుకొని తలుపు సందుల చెయ్యి పెట్టిండు."

"అప్పుడు?"

వెంకటవ్వ పప్పుగుత్తిని ఒకసారి ఎత్తి చూపించింది. "ఎడమ చెయ్యి. బొటనవేలు. 'అమ్మా' అని మన తెలుగులనే ఒర్లిండు."

భాగీరథికి నవ్వొచ్చినా ఆపుకుంది. దొంగకు తాళంచెవి వేలాడుతున్న బండి కావాలంటే గోడాదరాలో ఒక్కటే దొరుకుతుందని ఊరంతా అనుకుంటున్న మాట నిజమే. కానీ హెల్మెట్ తీయకుండా రెండుసార్లు వచ్చినవాడికి ఏదో ఒక బండి కాదు, ఈ బండే కావాలి.

"ఇంకేమన్న వింత జరిగిందా తమ్మీ, బండి వచ్చినంక?"

"ఏం లేదక్కా. ఎవడో తాగుబోతోడు మెస్ ఫోనుకు దినాం పొద్దుగాల ఫోన్ చేస్తడు. పండ్లు, పండ్లు అంటడు. నోట్ల మాట నోట్లనే ఉంటది. మా దగ్గర అన్నం పప్పు తప్ప పండ్లు దొరకయి అని పెట్టేస్త. ఒకసారి నేనే తిరిగి చేసిన. ఎవడో హిందీల తిట్టి పెట్టేసిండు."

భాగీరథి డ్రైవర్ సీట్లో కూర్చుంది. "పోయొద్దాం పా. అవ్వా, దిగవు గదా?"

"దిగ."

ముగ్గురూ బయల్దేరారు. ముందు భాగీరథి మెస్ ముందే లివర్ న్యూట్రల్‌లో ఉంచి ఇంజన్‌ను గట్టిగా తొక్కి చూసింది. కూత లేదు. వీధి చివరి దాకా మెల్లగా నడిపింది. అప్పుడూ లేదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ కాలు నొక్కగానే ముందు నుంచి సన్నగా మొదలై, ఎత్తు పెరిగేకొద్దీ గొంతు పెంచుకుంటూ పోయింది. కాలు తీయగానే టక్కున ఆగింది. బండి మాత్రం ఫ్లైఓవర్ నడుమ ఆయాసపడింది. వెనకాల సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దమనిషి వాళ్లను దాటిపోతూ జాలిగా చూశాడు.

"టర్బో పోయిందా అక్కా?" సదానందం అడిగాడు.

"వెనుక పొగ ఏ రంగుల ఉంది?"

సదానందం కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. "పొగే లేదు."

"టర్బో పోతే నూనె కాలి నీలిపొగ కక్కుతది. కూత కూడ తొక్కకున్నా వస్తది. గిది బరువు పడ్డప్పుడే వస్తుంది. అంటే టర్బో గాలి బాగనే కొడుతుంది. గాలి ఇంజన్‌కు పోయే తొవ్వల ఎక్కడనో బయటికి పోతుంది. సైకిల్ ట్యూబ్‌కు సన్న సందు పడితే కూయదా, గట్ల."

మెస్ ముందుకు వచ్చి, చక్రం కింద ఇటుక పెట్టించి, ఆమె స్టీరింగ్ కింద ఉన్న పిడి లాగి బానెట్ తెరిచింది. టర్బో నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం మొదట్లో ఉండాల్సిన ఇనుప క్లాంపు లేదు. దాని జాగాలో చీర గుడ్డ పేలిక నాలుగు చుట్లు తిప్పి కట్టి ఉంది. పసుపు రంగు మీద పచ్చ చిలకలు. భాగీరథి వేలితో తడిమి చూసింది. చుట్టూ ఇంజనంతా ఏళ్ల నాటి జిడ్డుతో నల్లగా ఉంటే, చిలకలు మాత్రం నిన్నగాక మొన్న షాపులోంచి వచ్చినట్టు ఉన్నాయి.

"గిది నువ్వు కట్టిచ్చినవా?"

"నేనా? బానెట్ ఎట్ల తెరుస్తరో నాకు ఇప్పుడే ఎరుకైంది."

"మిస్త్రీలు?"

"వాళ్లు తెరువనే లేదక్కా. చప్పుడు విని చెప్పేసిండ్రు."

భాగీరథి గుడ్డ కట్టును అలాగే వదిలేసి బానెట్ మూసింది. సరిగ్గా అప్పుడే ఒక స్కూటర్ వచ్చి ఆగింది. దాని మీది నుంచి కమలాకర్ దిగాడు.

కమలాకర్ కూడా డిటెక్టివే. వయసు ముప్పై. నల్లకళ్లద్దాలు, చేతిలో లాప్‌టాప్, చొక్కా జేబు మీద తన పేరే కుట్టించుకున్న బ్యాడ్జి. పోయినేడు ఒకే పెళ్లికొడుకు గురించి ఇద్దరూ ఆరా తీశారు. పిల్లవాడు బంగారమని కమలాకర్ పిల్ల తండ్రికి హామీ ఇచ్చాడు. భాగీరథి ఆ బంగారం మొదటి భార్యను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ పడదు.

"నమస్తే మేడం. మీరు గ్యారేజీ పని కూడా షురూ చేసిండ్రా?"

"నమస్తే కమలాకర్ సాబ్. ఎడమచేతి బొటనవేలికి ఆ పట్టీ ఏంది?"

"తలుపుల పడ్డది."

"తలుపుల గాదు," అంది లోపలి నుంచి వెంకటవ్వ. "పప్పుగుత్తి కింద పడ్డది."

కమలాకర్ నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు. ఇలాంటప్పుడు బుకాయించడం కన్నా ఒప్పుకోవడమే హుందాగా ఉంటుందని అతని నమ్మకం. "అవును. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన. నా డ్యూటీ గది. సదానందం అన్నా, సీదా మాట చెప్తా విను. గీ బండి ఖతం. టర్బో పాయె, గేర్‌బాక్స్ పాయె. నా క్లయింట్ మంచి మనిషి, పాపం అనుకొని బండి వాపస్ తీస్కుంటా అంటుండు. నువ్వు ఇచ్చింది మొత్తం ఇస్తడు. ఇప్పుడే తోలుకపోతా."

సదానందం ముఖం వెలిగింది. "నిజంగనా?"

"ఆగు తమ్మీ," అంది భాగీరథి. "కమలాకర్ సాబ్, టర్బో పోయి, గేర్‌బాక్స్ పోయిన బండిని మొత్తం ధర పెట్టి కొనే మంచి మనిషి సూరత్‌ల ఎవరున్నరు? నా దగ్గర కూడ ఒక పాత స్కూటర్ ఉంది. జర ఆయన పేరు చెప్తవా?"

"కాన్ఫిడెన్షియల్."

"ఉమాకాంత్ కాదు గదా?"

కమలాకర్ చెవి గోక్కున్నాడు. లాప్‌టాప్ తెరిచి, దాని తీగను స్టీరింగ్ కింద గుచ్చాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి. "చూడుండ్రి. గాలి వత్తిడి తక్కువ అని చూపెడుతుంది. సైన్స్ అబద్ధం చెప్పది. గొట్టానికి క్లాంపు లేకపాయె, గుడ్డ పేలిక కట్టి నడుపుతుంటే ఇట్లనే అయితది. నడిరోడ్డు మీద ఊడిందంటే మీ అందరి పానానికే మోసం."

"గాలి వత్తిడి మాట కరెక్టే చెప్పినవ్," అంది భాగీరథి మెచ్చుకోలుగా. "నీ మిషన్ మంచిదే. గుడ్డ ఏ రంగుదో కూడ చెప్తదా?"

"అంటే?"

"నువ్వు వచ్చేసరికి నేను బానెట్ మూసేసిన. దాన్ని తెరిచే పిడి బండి లోపల ఉంటది. లోపలికి పెట్టిన చెయ్యి మీద అవ్వ కొట్టింది. మరి క్లాంపు లేదని, గుడ్డ కట్టి ఉందని నీకు ఎట్ల ఎరుక?"

కమలాకర్ లాప్‌టాప్ సగం మూశాడు. "క్లయింట్ చెప్పిండు."

"ఓహో. క్లయింట్‌కు ఎరుకన్నమాట."

ఆమె ఇంక అతన్ని పట్టించుకోకుండా లోపలికి వంగి గేర్ లివర్ చూసింది. 'డి', 'ఎన్', 'ఆర్' వరకు బాగానే జరుగుతోంది. 'పి' దగ్గరికి రాగానే మెత్తగా దేనికో తగిలి ఆగుతోంది. గేర్‌బాక్స్‌లో పళ్లు అరిగితే ఇనుము ఇనుముకు తగిలినట్టు ఉంటుంది. ఇది దిండు మీద మోచేయి పెట్టినట్టు ఉంది. లివర్ చుట్టూ దుమ్ము పడకుండా ఉండే రబ్బరు పట్టీ ఒకవైపు చిరిగి ఉంది. ఎడమవైపు. డ్రైవర్ పక్కన కూర్చున్న మనిషి వైపు.

"ప్రమీలా, స్క్రూడ్రైవర్ ఉందా? పట్టకారు కూడ తే."

"ఏయ్, విప్పకుండ్రి!" కమలాకర్ అరిచాడు. "విప్పితే గ్యారంటీ పోతది!"

"పాత బండికి గ్యారంటీ ఏడిదిరా?" అంది వెంకటవ్వ. "నీ బొటనవేలికి లేదు, దీనికి ఉంటదా?"

భాగీరథి స్క్రూలు విప్పి పై మూతను పక్కన పెట్టింది. ఫోన్ లైటు వేసి లివర్ సందులోకి చూసింది. అడుగున గులాబీ రంగులో ఏదో ఇరుక్కుని ఉంది. పట్టకారు దించి, అటూ ఇటూ కదిలించి, మెల్లగా పైకి లాగింది.

సదానందం రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా! అది... అది నవ్వుతుంది!"

పట్టకారు చివర సగానికి విరిగిన కట్టుడు పళ్ల సెట్టు వేలాడుతోంది. కింది వరుస. అందరూ ఒక్కసారిగా వెంకటవ్వ వైపు చూశారు.

వెంకటవ్వకు రోషమొచ్చింది. నోరు పూర్తిగా తెరిచి, దవడలు రెండూ చూపించింది. "నావి నాకే ఉన్నయి! ఇప్పటికీ చెరుకు గడ నమిలి ఊస్త. ఎవల్నన్నా కరిచి చూపియ్యాల్నా?"

"అక్కరలేదవ్వా."

భాగీరథి లివర్‌ను ముందుకు తోసింది. 'టక్' మని పార్కింగ్‌లో పడింది. తాళంచెవి తిప్పి లాగింది. చిక్కిపోయిన మనిషి వేలి నుంచి ఉంగరం జారినంత సులువుగా బయటికి వచ్చేసింది. సదానందం దాన్ని అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఇన్నాళ్లుగా అతను రాత్రుళ్లు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. హారన్ మోగి వీధి మొత్తం లేస్తోంది.

వెంకటవ్వ పప్పుగుత్తిని కూతురి చేతికిచ్చింది. "ఇగ నా డ్యూటీ అయిపోయింది. కానీ జర సేపు గీ బండ్లనే కూసుంట. ఇంత మెత్తటి కుర్చీ మనింట్ల ఏడుంది?"

ప్రమీల అది అందుకుందే గానీ చూపు దాని మీద లేదు. కట్టుడు పళ్ల వైపే చూస్తోంది. "అక్కా, నడుమ పన్నుకు వెండి తొడుగుంది."

నిజమే. నాలుగు తెల్ల పళ్ల మధ్య ఒకటి తళతళ మెరుస్తోంది.

"బుచ్చిరాములు సేటువి ఇవి!" అంది ప్రమీల. "ఆయన సొంత పండ్లు ఊడినప్పుడు, వెండి పన్ను లేకుంటే నన్ను ఎవలు గుర్తు పడుతరు అని, కట్టుడు పండ్లకు కూడ వెండి తొడుగు వేయిచ్చుకున్నడు. సంఘం మీటింగుల నవ్వుతే ఆఖరి వరుస దాకా మెరుస్తది. గోడాదరాల అందరికీ ఎరుకే."

కమలాకర్ చెయ్యి చాచాడు. "ఇటియ్యుండ్రి. ల్యాబ్‌కు పంపిస్తా. ఇది ఎవిడెన్స్."

"ఎవిడెన్స్ అని నువ్వే అంటున్నవ్," భాగీరథి పళ్లను రుమాలులో చుట్టి తన సంచిలో వేసుకుంది. "దేనికి ఎవిడెన్స్? ఆయన యాత్రకు పోయిండు గదా?"

"అందుకే పండ్లు ఇడిచిపెట్టి పోయిండేమో. సన్యాసికి పండ్లు ఎందుకు?"

"పరిక్రమల దారి పొంటి పెట్టే రొట్టెలు నమలడానికి. ఇడిచిపెట్టేటోడైతే ఇంట్ల గిన్నెల పెట్టి పోతడు. గేర్ లివర్ సందుల దూర్చి పోడు." భాగీరథి బండికి ఆనుకుని నిలబడింది. "తమ్మీ సదానందం, నీ బండికి రెండు రోగాలు లేవు. రెండూ ఒకటే. చెప్తా విను. ఎవడో బుచ్చిరాములును పక్క సీట్ల కూసోబెట్టుకొని తీస్కపోతుండు. తొవ్వల టర్బో గొట్టం క్లాంపు ఎగిరిపోయి, బండి గుంజుడు ఆపింది. తోలేటోడు దిగి, బానెట్ ఎత్తి, చేతికందిన గుడ్డతోని కట్టిండు. గా సందుల పెద్దమనిషి ఎడమ పక్క నుంచి లివర్ అందుకొని బండి తోలుకపోదామని చూసిండు. వాడు ఉరికొచ్చి ఒక్కటేసిండు. పండ్లు విరిగి సందుల పడ్డయి, రబ్బరు చిరిగింది. కూత, గేరు, రెండూ ఒక్క తావుల పుట్టినయి."

సదానందం పెదవులు కదులుతున్నాయి. "పండ్లు," అన్నాడు తనలో తాను. "పండ్లు... బండ్ల పండ్లు... అక్కా! ఫోన్ చేసి పండ్లు పండ్లు అనేటోడు! వాడు అరటిపండ్లు అడుగుతలేడు!"

"ఎప్పుడు చేస్తడు?"

"రోజూ గిదే యాళ్లకు, నేను పప్పు పొయ్యి మీదికి ఎక్కిచ్చినంక..."

అతని మాట పూర్తి కాకముందే జేబులో ఫోను మోగింది. అదే నంబరు. భాగీరథి లాక్కుని స్పీకర్ పెట్టింది.

"హలాహంతం," అంది అవతల ఒక ముసలి గొంతు. "హలాహంతం, హోన్ హెట్టకు! హా హండ్లు హండ్ల హున్నయ్..."

"ఏమంటుండు?" సదానందం బిక్కమొహం వేశాడు.

"సదానందం, ఫోన్ పెట్టకు, నా పండ్లు బండ్ల ఉన్నయ్ అంటుండు," అంది సీట్లోంచి వెంకటవ్వ, అదేదో రేడియోలో వార్తలు విన్నంత తేలికగా.

భాగీరథి తల తిప్పి చూసింది. "నీకు అర్థమైతుందా అవ్వా?"

"మా ముసలాయనకు ఇరవై ఏండ్లు నోట్ల పన్ను లేకుండె. తిట్లన్నీ గట్లనే తిట్టేటోడు. నేను ఒక్కటి ఇడువకుంట తిరిగి తిట్టేదాన్ని. ఇటియ్యి."

భాగీరథి ఫోను ఆమెకిచ్చి కిటికీ దగ్గర నిలబడింది. సదానందం, ప్రమీల ఆమె భుజాల మీదుగా వంగారు. అవతలి వైపు కమలాకర్ లాప్‌టాప్ తీగ సర్దుతూ, "అన్నా, ఎర్ర అక్షరాలు కొట్టేస్తే బండి మంచిగ నడుస్తది. తాళంచెవి జర ఇయ్యి," అన్నాడు. సదానందం చూపు ఫోను మీది నుంచి తిప్పకుండానే చెవి ఇచ్చేశాడు.

"ఏడున్నవని అడుగు అవ్వా."

వెంకటవ్వ అడిగింది, విన్నది, చెప్పింది. "నర్మద లేదు గిర్మద లేదు అంటుండు. రూముల ఏసి తాళం పెట్టిండ్రట. కాపలావాడు తానానికి పోయినప్పుడు వాని ఫోను తీసి చేస్తుండట. పోలీసులకు చేస్తే తాగినవురా అని పెట్టేసిండ్రట. ఇంకెవ్వల నంబరు యాదికి లేదట, మన మెస్ నంబరొక్కటే నోటికొచ్చట."

సదానందం కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను కూడ పెట్టేసిన గదక్కా, రోజూ."

"ఏ ఇలాక అవ్వా?"

"కతర్‌గామ్ అంటుండు. మూతబడ్డ వజ్రాల కార్ఖానా, పైన అంతస్తు. వజ్రాలు సానబట్టే చక్రాలు ఖాళీగ ఉన్నయట, వాటి నడుమ మంచమేసిండ్రట. కిటికీలకెల్లి నీళ్ల ట్యాంకి కనబడుతదట."

"ఎవరు తీస్కపోయిండ్రు?"

"ఉమాకాంతే పంపిండట. తీస్కపోయినోడు మొకానికి రుమాలు కట్టుకున్నడట, ఎవడో ఎరుక లేదంటుండు."

"తిండి పెడుతున్నరా? పానం బాగుందా?"

వెంకటవ్వ అడిగింది. అవతల గొంతు ఉన్నట్టుండి గట్టిగా లేచింది. చాలాసేపు గొణిగింది. వెంకటవ్వ కిసుక్కున నవ్వింది.

"ఏమన్నడు?"

"తిండి మంచిగనే అస్తుందట. కానీ సదానందానికి చెప్పు, పప్పుల ఉప్పు ఎక్కువైతుంది అంటుండు."

"నా పప్పుల ఉప్పు ఎక్కువైతుందా?" సదానందానికి ఏడుపు పోయి కోపం వచ్చింది. "గా మాట ఇప్పటి దాకా ఎవ్వలన్నా అన్నరా? ప్రమీలా, నువ్వే చెప్పు..."

"ఊకో తమ్మీ!" భాగీరథి అతని చెయ్యి పట్టుకుంది. "నీ పప్పు ఆయనకు ఎట్ల చేరుతుంది?"

సదానందం పార్సిళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టసాగాడు.

"ప్రమీలా, పండ్లు లేని మనిషి తినేటట్టు, మెత్తగ ఉడికిచ్చిన అన్నం పార్సిల్ ఎవలన్నా తీస్కపోతున్నరా?"

ప్రమీల ఆలోచించాల్సిన పని లేకపోయింది. "ఒక్కటే పోతదక్కా. అన్నం గంజి లెక్క ఉడికియ్యాలె, పప్పు పలుచగ చెయ్యాలె. వాళ్ల అమ్మకు పానం బాగలేదని..." ఆమె చెయ్యి మెల్లగా బండి అవతలి వైపుకు లేచింది. "కమలాకర్ అన్న తీస్కపోతడు."

"వాళ్ల అమ్మ సచ్చిపోయి నాలుగేండ్లాయె," అంది వెంకటవ్వ. "దినాలకు నేను పోయొచ్చిన."

ఇంజన్ ఒక్కసారిగా గుర్రుమంది. తలుపులు నాలుగూ ఒకేసారి 'టక్' మన్నాయి. కమలాకర్ డ్రైవర్ సీట్లో ఉన్నాడు. నల్లకళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. అతని ముఖం సంఘం అన్నదానంలో రెండోసారి వరుసలో నిలబడి దొరికిపోయిన మనిషి ముఖంలా ఉంది. భాగీరథి కిటికీలోంచి చెయ్యి పెట్టి చెవి అందుకోబోయింది. అద్దం పైకి లేచి ఆమె చెయ్యిని బయటికి నెట్టింది.

"అవ్వా, దిగు!" ప్రమీల అరిచింది.

వెంకటవ్వ ఇన్నాళ్లలో మొదటిసారి దిగడానికి సిద్ధపడి తలుపు లాగింది. తలుపు రాలేదు. చక్రం కింది ఇటుక ఎగిరి పక్కనున్న పాల డబ్బాకు తగిలింది. బండి వీధి మలుపు తిరిగింది. సదానందం దాని వెనక పరుగెత్తాడు. నడుము లుంగీ జారితే ఒక చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తాడు.

భాగీరథి మెస్ మోపెడ్ ఎక్కింది. దానికి రెండు వైపులా పార్సిళ్ల సంచులు వేలాడుతున్నాయి. తీసి పడేసే వ్యవధి లేదు. ప్రమీల పప్పుగుత్తి పట్టుకుని వెనక ఎక్కింది.

"సదానందం, పోలీస్ చౌకీకి పో! కతర్‌గామ్, మూతబడ్డ వజ్రాల కార్ఖానా, పై అంతస్తు! లుంగీ గట్టిగ కట్టుకొని పో, తాగినవనుకుంటరు!" భాగీరథి అరిచింది.

పెద్ద రోడ్డు చేరేసరికి నల్లబండి జాడ లేదు. ఆటోలు, గుడ్డల థాన్లు మోసుకుపోయే టెంపోలు, వాటి మధ్య సందు దొరకక నిలిచిపోయిన మోపెడ్. ఎడమకు తిరిగితే ఒక దారి, కుడికి తిరిగితే ఇంకో దారి. భాగీరథి అటూ ఇటూ చూస్తుండగా ప్రమీల ఫోను మోగింది. సదానందం నంబరు. అది వెంకటవ్వ చేతిలో ఉంది.

"అవ్వా! ఎట్లున్నవే?"

"మంచిగనే ఉన్న. ఏసీ వేసిండు." వెంకటవ్వ గొంతు తగ్గించింది. "భేస్తాన్ దిక్కు పోతున్నం. నేను నిద్రల కలవరిస్తున్ననుకుంటుండు. ఇప్పుడే ఉమాకాంత్‌తోని మాట్లాడిండు. నువ్వు పోయి ముసలోన్ని ఆడికెల్లి ఎత్తేయ్, చీకటిదాక ఆగకు, ఈసారి మాట్లాడే పని లేకుంట చెయ్యి అంటుండు. బిడ్డా, నా ఎంబడి రాకుండ్రి. ఆయన కాడికి పోండ్రి."

"నిన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె?" ప్రమీల మోపెడ్ మీది నుంచి సగం లేచింది.

"నాకేమైతది? వీనికి ఇంకా పెండ్లి కాలేదు గదా. కూసున్నంత సేపు సంబంధాలు చెప్త. మన చిన్నవ్వ మనుమరాలు..."

"ఫోనా? ఆ ఫోను ఏడిది నీకు?" అని కమలాకర్ కేక వినిపించింది. పెనుగులాట. ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ప్రమీల మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్ అని గుజరాతీలో ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

వెనక టెంపోవాడు హారన్ కొడుతున్నాడు. భాగీరథి మోపెడ్ ఆపేసి వెనక్కి తిరిగింది. కుడివైపు భేస్తాన్. అటు వెళ్తే బండి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఎడమవైపు కతర్‌గామ్. అక్కడికి తమకన్నా ముందు ఉమాకాంత్ బయల్దేరి ఉంటాడు.

"ప్రమీలా, మీ అమ్మ అది. నేను చెప్పలేను. ఎటు తిప్పమంటవో నువ్వే చెప్పు."

ప్రమీల కొంగుతో ముఖం తుడుచుకుంది. భేస్తాన్ వైపు పోయే రోడ్డును ఒకసారి చివరి దాకా చూసింది. తర్వాత భాగీరథి భుజం గట్టిగా పట్టుకుంది.

"కతర్‌గామ్ పోనియ్ అక్కా," అంది. "జల్ది పోనియ్. మా అవ్వ దగ్గర ఇరుక్కున్నోన్ని తర్వాత ఇడిపియ్యొచ్చు."